పండుకు మిక్సీ, పెరుగుకు కవ్వం: ఏళ్ల వాడకం తర్వాత పండ్ల లస్సీ మీద నా సమీక్ష

పండ్ల లస్సీ కోసం మా వంటింట్లోకి మూడు మెషీన్లు వచ్చాయి. పాత 500 వాట్ల మిక్సీ, దాంతో వచ్చిన జ్యూస్ జార్. గిన్నెలోనే ముంచి తిప్పే హ్యాండ్ బ్లెండర్. కప్పును బోర్లించి బిగించే చిన్న బ్లెండర్. మూడూ ఏళ్ల తరబడి వాడాక ఇప్పుడు గట్టు మీద మిగిలినవి మిక్సీ చట్నీ జార్, బేగంబజార్‌లో కొన్న చెక్క కవ్వం. స్మూతీల కోసం విడిగా మెషీన్ కొనాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆ డబ్బు పండ్ల మీద పెట్టండి. పండు మాత్రమే మిక్సీలో వేయండి, పెరుగును కవ్వంతో చిలకండి.

మా అత్తమ్మ ఈ మాట మొదటి నుంచీ అంటూనే ఉంది. "పెరుగును గిలకొట్టాలె గానీ గట్ల గిర్రున తిప్పుతరా బిడ్డా" అని. పాతకాలపు చాదస్తం కాదది. తోడుకున్న పెరుగంటే పాలలోని మాంసకృత్తులు ఒకదానికొకటి అల్లుకుని నీటిని పట్టుకుని ఉండటం. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు ఆ అల్లిక మొత్తాన్ని తెంపేస్తుంది. ఒకసారి తెగాక అది మళ్లీ మునుపటిలా కట్టుకోదు, ఫ్రిజ్‌లో ఎంతసేపు పెట్టినా సరే. పెరుగూ పండూ కలిపి మూడో స్పీడులో తిప్పిన లస్సీ పైన నురగతో చూడముచ్చటగా ఉంటుంది. నురగ దిగాక చూస్తే గ్లాసులో రంగు మజ్జిగే. చిక్కదనం కోసం ఇంకాస్త పెరుగు వేస్తాం, దాన్నీ తిప్పుతాం, అదీ పలచనవుతుంది.

మీగడ పెరుగుతో ఇంకో తంటా. గేదె పాలతో తోడుపెట్టిన పెరుగులో చల్లటి నీళ్లు పోసి మిక్సీలో కాస్త ఎక్కువసేపు తిప్పితే వెన్న పూసలు పైకి తేలతాయి. వెన్న తీసేరోజు ఆ సుఖమే వేరు. లస్సీ తాగేటప్పుడు మాత్రం పెదవులకు జిడ్డు అంటుతుంది, పిల్లలు గ్లాసు పక్కన పెట్టేస్తారు. అందుకే లస్సీకి ఫుల్ క్రీమ్ ప్యాకెట్ (6 శాతం వెన్న) కన్నా 4.5 శాతం వెన్న ఉండే స్టాండర్డైజ్డ్ పాల పెరుగే నాకు నచ్చింది. 3 శాతం ఉండే టోన్డ్ పాలదైతే బాగా తోడుకున్నా నోటికి నిండుగా అనిపించదు. మట్టి గురిగిలో తోడుపెడితే ఆ లోటు కొంత తీరుతుంది. గురిగి గోడలు నీటిని కొంత పీల్చేసుకుంటాయి కాబట్టి పెరుగు గట్టిగా వస్తుంది.

మన హైదరాబాద్ ఎండల్లో తోడు విషయంలో గడియారం చూసుకోవాల్సిందే. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే వంటింట్లో నాలుగైదు గంటలకే పెరుగు గట్టిపడుతుంది. రాత్రి అన్నాల తర్వాత తోడువేసి పడుకుంటే తెల్లారేసరికి పులిసి కూర్చుంటుంది. సాయంత్రమే తోడువేసి, పడుకోబోయే ముందు ఫ్రిజ్‌లోకి తోసేస్తాను. డిసెంబరులో అదే గిన్నెకు తువ్వాలు చుట్టి మూలన పెట్టాలి. పులిసిన పెరుగును చక్కెరతో సరిపెడదామని చూడొద్దు. అంత తీపి కలిపాక పండు రుచి ఎటు పోయిందో తెలీదు. దాన్ని మజ్జిగ పులుసుకు ఉంచుకోండి.

బయట కొన్న పెరుగైతే కప్పులోనే తోడుకున్నది తీసుకోండి. పౌచ్ పెరుగు దారి పొడవునా కుదుపులకు నలిగి, ఇంటికి వచ్చేసరికే సగం విరిగి నీళ్లు వదిలి ఉంటుంది.

ఇక పండ్లు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి వెళ్లిపోయాక మాలాంటి దిల్‌సుఖ్‌నగర్ వైపు వాళ్లకు పెట్టెలకు పెట్టెలు తెచ్చుకునే వైభోగం పోయింది. ఇప్పుడు బండ్ల మీద కొనుక్కోవడమే. మామిడిలో లస్సీకి నా ఓటు బంగినపల్లికి. పీచు లేదు, తీపి ఉంది, రంగు పెరుగులో కలిసినా వెలవెలబోదు. రసాలు పిండుకుని తినాల్సినవి, వాటిని మిక్సీలో వేయడం నాకు మనసొప్పదు. వేసినా పీచు బ్లేడుకు చుట్టుకుంటుంది, జల్లెడ పట్టాలి. హిమాయత్ రుచికి తిరుగులేదు గానీ దాని ధరకు పెరుగులో కలపడం నాకు దుబారా అనిపిస్తుంది. సీజన్ చివర్లో ఒక్కసారి చేస్తాను, ఎవరూ అడగకుండానే. పచ్చగా కొని బియ్యం డబ్బాలోనో గడ్డిలోనో మాగేసిన కాయకూ, బండి మీద నిగనిగలాడే కాయకూ లస్సీలో తేడా నాలుకకు తెలిసిపోతుంది. కార్బైడ్‌తో మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం. అలా మగ్గినది తోలు పసుపుగా ఉంటుంది, లోపల మాత్రం పుల్లగా, తెల్లగా ఉంటుంది. కోసి చూసేదాకా బయటపడదు.

రెండు గ్లాసులకు నా కొలత ఇది: పావు కిలో చల్లటి పెరుగు, 200 గ్రాముల మామిడి ముక్కలు, అర కప్పు కన్నా తక్కువ చల్లటి పాలు, చిటికెడు ఉప్పు, ఒక యాలక్కాయ పొడి. చక్కెర లేదు. వంద గ్రాముల మామిడిలోనే దాదాపు 14 గ్రాముల చక్కెర ఉంటుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో చక్కెర రోజుకు 25 గ్రాములకు మించొద్దని చెప్పారు. పండులో ఉన్నది ఆ లెక్కలోకి రాదు గానీ, దాని మీద నాలుగు చెంచాలు గుమ్మరిస్తే తప్పకుండా వస్తుంది. ఉప్పు మాత్రం మానొద్దు, చిటికెడు ఉప్పుకే తీపి పైకి లేస్తుంది.

చేసే తీరు: మామిడి ముక్కలు ముందు రోజే గట్టి డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో వేస్తాను. ఐసు ముక్కల బదులు ఇవే. ఐసు కరిగితే లస్సీ నీళ్లవుతుంది, మామిడి కరిగితే ఇంకా చిక్కబడుతుంది. పైగా ఐసు ముక్కలు ఆ ప్లాస్టిక్ జ్యూస్ జార్‌కు పడవు. మా జార్ అడుగున వచ్చిన బీటకు కారణం ఐసేనని నా గట్టి అనుమానం. గడ్డకట్టిన ముక్కలను పది నిమిషాలు బయట పెట్టి, చట్నీ జార్‌లో ముందు పాలు, తర్వాత ముక్కలు వేసి, నాబ్ వెనక్కి తిప్పుతూ వదులుతూ నాలుగైదు సార్లు, ఆ తర్వాత రెండో స్పీడులో కాసేపు. పాలు అడుగున లేకపోతే బ్లేడు గాల్లో తిరిగి మోటారు అరుస్తుంది తప్ప పని జరగదు. మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే కంగారు పడొద్దు, కింద ఎర్ర బటన్ ఉంటుంది. కాస్త చల్లారనిచ్చి నొక్కితే మళ్లీ లేస్తుంది. వేరే గిన్నెలో పెరుగును కవ్వంతో నున్నగా చిలికి, అందులో ఈ గుజ్జు పోసి, కవ్వంతోనే రెండు చుట్లు. అంతే. రంగు అక్కడక్కడా చారలుగా ఉండిపోతే ఉండనివ్వండి, నాకైతే అలాగే ఇష్టం.

కవ్వం నిజంగా గెలిచేది సీతాఫలం దగ్గర. చలికాలం మొదట్లో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే బాలానగర్ కాయలు మెత్తబడ్డాక, గుజ్జు గింజలతో సహా పెరుగులో వేసి కవ్వంతో మెల్లగా చిలికితే గింజలకున్న కండ దానంతటదే ఊడొస్తుంది. పెద్ద కన్నాల జల్లెడలో పోస్తే నల్లగింజలు పైన, లస్సీ కింద. ఇదే పని మిక్సీలో చేయబోతే గింజ పగులుతుంది. సీతాఫలం గింజ పప్పు చేదే కాదు, విషం కూడా. దాని పొడి పేలకు వాడుతుంటారు, కంట్లో పడితే ప్రమాదం. ఒక్కో గింజనూ చేత్తో తీశాక మిక్సీలో వేయొచ్చనేవాళ్లున్నారు. వాళ్ల ఓపికకు దండం.

సపోటా గింజలు తీసి మిక్సీలో వేయడమే, కవ్వానికి నలగదు. జామ కూడా మిక్సీయే, తర్వాత వడపోత తప్పదు. దానిమ్మ గింజలను ఎక్కువ తిప్పితే లోపలి పలుకు నలిగి వగరు వస్తుంది, ఒక్క క్షణం తిప్పి వడకట్టాలి. అరటిపండుకు మెషీనే అక్కర్లేదు, పప్పుగుత్తి చాలు. పుచ్చకాయను పెరుగులో కలపడం దండగ, నీళ్లలో నీళ్లు కలిపినట్టు. నేరేడు మాత్రం ఒకసారి చేసి చూడండి. జూన్ చివర్లో బండ్ల మీదకొచ్చే పండ్ల గుజ్జును చేత్తోనే పిసికి పెరుగులో కలిపితే వచ్చే ఊదారంగుకు మా పిల్లలు పేచీ లేకుండా తాగుతారు.

అనాస, బొప్పాయి, ఖర్బూజాతో జాగ్రత్త. ఈ పండ్లలో మాంసకృత్తులను తెగ్గొట్టే ఎంజైములు ఉంటాయి. పెరుగులో కలిపి ఉంచితే పావుగంట అరగంటలో చేదెక్కుతుంది, పెరుగు విరిగినట్టవుతుంది. వెంటనే తాగేస్తే ఫరవాలేదు. అనాసను మాత్రం ముక్కలు కోసి నాలుగైదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వాడితే ఆ గొడవ ఉండదు, వేడికి ఎంజైము పనిచేయడం మానేస్తుంది. చేదెక్కిన లస్సీకి జనం పెరుగును తిడతారు, పాపం.

మెషీన్ల గురించి మిగిలింది. బోర్లించే చిన్న బ్లెండర్ ఆఫీసుకు కప్పుతో సహా పట్టుకెళ్లేవాళ్లకు బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ దాని రబ్బరు రింగు వదులైతే పెరుగు నేరుగా మోటారు మీదకే కారుతుంది. మాది అలాగే పోయింది. రింగు కోసం కోఠి వైపు దుకాణాలు తిరిగితే, "దీనికి విడిగా రాదు మేడమ్, సెట్టు మొత్తం మార్చాలె" అన్నారు. మామూలు మిక్సీకి ఆ బాధ లేదు. వాషరూ, కప్లరూ, బ్లేడూ ఏ వీధి రిపేరు షాపులోనైనా దొరుకుతాయి. హ్యాండ్ బ్లెండర్ మెత్తటి పండ్లకు సరే, గడ్డకట్టిన మామిడికి సరిపోలేదు, కాసేపటికే చేతిలో వేడెక్కింది. కరెంటు గురించి అడిగేవాళ్లకు: 500 వాట్ల మిక్సీ నిమిషం తిరిగితే యూనిట్‌లో నూరో వంతు కూడా కాదు.

వాసన సంగతి చెప్పాలి. అల్లం వెల్లుల్లి నూరిన జార్‌లో లస్సీ చేస్తే ఎంత కడిగినా ఆ వాసన గ్లాసులోకి వస్తుంది. స్టీలుది కాదు ఆ నేరం, మూత లోపలి రబ్బరు వాషర్‌ది. మూతకు ఇంకో వాషర్ కొని లస్సీ కోసం విడిగా పెట్టుకున్నాను, సమస్య తీరింది. బ్లేడు కింద చిక్కుకునే పెరుగు కూడా మర్నాటికి కంపు కొడుతుంది. వాడిన వెంటనే గోరువెచ్చని నీళ్లు, చుక్క సబ్బు వేసి ఒకసారి తిప్పి, జార్‌ను బోర్లించి ఆరబెట్టాలి. వాషర్ కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ఇంటికొచ్చి బిగిస్తేనే తేడా తెలిసేది.