తవుడు నూనె ప్లాంట్‌లో హీట్ ట్రేసింగ్ కేబుల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నెల్లూరు జిల్లాలో తవుడు నుంచి నూనె తీసే సాల్వెంట్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. మా ముడి నూనె లైన్లకు సెల్ఫ్ రెగ్యులేటింగ్ హీట్ ట్రేసింగ్ కేబుల్ (పైపు వెంట వేసి కరెంటుతో దాన్ని వెచ్చగా ఉంచే కేబుల్, వేడిని తనే అదుపు చేసుకుంటుంది) వేసి కొన్నేళ్లయింది. నెల్లూరులో పైపులకు వేడెందుకని చాలామంది అడుగుతారు. తవుడు నూనెలో మైనం ఎక్కువ. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పంపు ఆగిందంటే తెల్లారేసరికి లైన్‌లో నూనె చిక్కబడి కదలనంటుంది. ఫ్యాటీ యాసిడ్ లైన్ అయితే మామూలు రోజుల్లోనే గడ్డకడుతుంది.

ఆ పని వరకు కేబుల్‌కు వంక పెట్టలేను. నా టెన్షన్ అంతా తవుడు నుంచి నూనె లాగడానికి వాడే సాల్వెంట్, హెక్సేన్‌తో. దాని ఆవిరి గాలి కంటే దాదాపు 3 రెట్లు బరువు, కాలువల్లో, గుంటల్లో నిలిచిపోతుంది. గాలిలో 1 శాతం దాటితే అంటుకోవడానికి చాలు. నిప్పురవ్వ కూడా అక్కర్లేదు, 225 డిగ్రీల దగ్గర దానంతట అదే మండుతుంది. అందుకే ఇక్కడ వేసే కేబుల్‌కు కనీసం టీ3 రేటింగ్ ఉండాలి, అంటే ఉపరితలం 200 డిగ్రీలు దాటకూడదు. సెల్ఫ్ రెగ్యులేటింగ్ కేబుల్‌లో రెండు రాగి తీగల మధ్య కార్బన్ కలిపిన పాలిమర్ ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరిగి కరెంటు తగ్గుతుంది. వాల్వు దగ్గర ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పడినా మాడిపోదు. కాన్‌స్టంట్ వాటేజ్ కేబుల్‌కు ఆ గుణం లేదు. మా ప్లాంట్‌లో నేను దాన్ని ఒప్పుకోను.

ఇన్నేళ్లలో కేబుల్ మధ్యలో దానంతట అది పాడైంది నేను చూడలేదు. ఇబ్బందులన్నీ చివర్లలో, జాయింట్లలో, క్లాడింగ్ (పైపు మీది పై రేకు) వేసేవాళ్ల స్క్రూల దగ్గర. అల్యూమినియం షీటుకు పొడవు స్క్రూ బిగిస్తే అది రాక్‌వూల్ (వేడి పోకుండా చుట్టే పొర) దాటి కేబుల్‌లో దిగుతుంది. కేబుల్ చివర రెండు తీగలను ఎప్పుడూ కలపకూడదు, కలిపితే షార్టే. దేనికది విడిగా ఉంచి ఎండ్ సీల్ వేయాలి.

నవంబరు వానల్లో ఎర్త్ లీకేజ్ బ్రేకర్ (కరెంటు ఎర్త్‌కు లీకైతే సప్లై ఆపేది) ట్రిప్ అవుతుంది. ప్రొడక్షన్ ఆగుతోంది, బైపాస్ చేయండి అన్న మాట అప్పుడు తప్పకుండా వినిపిస్తుంది. దీనికి మాత్రం ఎవరు చెప్పినా తలొగ్గకండి. దెబ్బతిన్న చోట తడి చేరితే లోపల చిన్న ఆర్క్ మొదలై కేబుల్ వెంట కాలుతూ పోతుంది. ఆ కరెంటు ఎంసీబీని (ఓవర్‌లోడ్‌కు, షార్ట్‌కు పడే మామూలు బ్రేకర్) పడగొట్టేంత ఉండదు కాబట్టి ఎంసీబీ నిబ్బరంగా ఆన్‌లోనే ఉంటుంది. పట్టుకునేది కేబుల్ మీది లోహపు అల్లిక, దాని ఎర్త్, 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ మాత్రమే. ట్రిప్ అయిందంటే అది తన పని చేసిందని అర్థం. మాకు చాలాసార్లు జంక్షన్ బాక్స్ గ్లాండ్‌లో నీళ్లు దొరికాయి.

మెగ్గర్ పరీక్ష (కేబుల్ ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచేది) 2500 వోల్టులతో చేస్తాం. క్లాడింగ్ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి, ఆపైన ఏటా వానలకు ముందు. సైట్‌లో 20 మెగా ఓంల కంటే తక్కువ వస్తే ఆ సర్క్యూట్‌కు సప్లై ఇవ్వం. మెగ్గర్ కూడా నిప్పురవ్వ పుట్టించగలదు. గ్యాస్ డిటెక్టర్‌తో చూసి, పర్మిట్ చేతికొచ్చాకే తీస్తాం.

చల్లటి లైన్ మీద ఆన్ చేసినప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, సర్క్యూట్ పొడవు దాన్నిబట్టే పెట్టుకోవాలి. ఉప్పుగాలి తగిలే చోట అల్లిక మీద ఫ్లోరోపాలిమర్ తొడుగు ఉన్నదే తీసుకోండి.

కొనేటప్పుడు పెసో (పేలుడు ప్రమాదాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి కాగితం అడగండి, కేబుల్‌కే కాదు, జాయింట్ కిట్లకు కూడా. సర్టిఫికెట్ రెండూ కలిసిన సిస్టమ్‌కు వర్తిస్తుంది, వేరే కంపెనీ కిట్ బిగిస్తే అది చెల్లదు. ఎండ్ సీల్ కిట్లు కొన్ని ఎక్కువే తెప్పించి స్టోర్స్‌లో పెట్టుకోండి. అవి లేని రాత్రి షిఫ్ట్‌లో ఇన్సులేషన్ టేపు చుట్టి లైన్ నడిపేయాలని చూస్తారు.