150-600 లెన్స్, 8×42 బైనాక్యులర్: గుంటూరు చుట్టుపక్కల ఏడాది పొడుగునా వాడాక

పక్షుల ఫోటోల కోసం లెన్స్ కొనాలనుకునే భార్యాభర్తలకు నా సలహా ముందే చెప్పేస్తాను. ఇద్దరికీ చెరో కెమెరా వద్దు. ఒక పెద్ద జూమ్ లెన్స్, ఒక మంచి బైనాక్యులర్ తీసుకోండి. ఒకరు వెతకాలి, ఒకరు తీయాలి. గుంటూరులో ఉంటూ ఏడాదికి పైగా మేమిద్దరం ఇలాగే తిరుగుతున్నాం. కెమెరా నా చేతిలో, బైనాక్యులర్ మా ఆయన మెడలో. నాకు బాగా నచ్చిన ఫోటోల్లో ఎక్కువ భాగం ఆయన ముందు చూసి చెబితే నేను తీసినవే.

సామాను సంగతి క్లుప్తంగా చెబుతాను. కెమెరా క్రాప్ సెన్సర్ డీఎస్ఎల్ఆర్, అంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కంటే చిన్న సెన్సర్ ఉన్నది. లెన్స్ 150-600 మిల్లీమీటర్ల జూమ్. ఈ రకం లెన్సులు ఒకటికి రెండు కంపెనీలు చేస్తున్నాయి, మంచిచెడ్డలు ఇంచుమించు ఒకలాగే ఉంటాయి కాబట్టి పేరుతో పని లేదు. బరువు రెండు కిలోల దగ్గర. 600కి వెళ్తే అపెర్చర్, అంటే కాంతి లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్6.3 కంటే తెరుచుకోదు (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). క్రాప్ 1.5 రెట్లు కనుక ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 900 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే ఎంత దగ్గరగా కనిపిస్తుందో, మాకు 600 దగ్గర అంత కనిపిస్తుంది. బైనాక్యులర్ 8×42, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. నీళ్లకు తట్టుకునేది, లోపల ఆవిరి పట్టకుండా నైట్రోజన్ నింపింది.

మొదలుపెట్టడానికి ఉప్పలపాడును మించిన చోటు లేదు. గుంటూరు నుంచి బండి మీద వెళ్లి టిఫిన్ వేళకు ఇంటికి రావచ్చు. ఊరి చెరువు, నీళ్లలో చెట్లు, పక్షులు వాలడానికి నిలబెట్టిన స్టాండ్లు, చూడటానికి ఒక టవర్. కార్తీకం వచ్చేసరికి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు ఒకే కొమ్మ మీద చోటు కోసం తోసుకుంటాయి. అంత పెద్ద పక్షులు అంత దగ్గరలో ఉంటే 600తో పనేముంది? 200కి వెనక్కి వస్తే గానీ వాలుతున్న గూడబాతు రెక్కలు ఫ్రేములో పట్టవు. జూమ్ విలువ నాకు ఇక్కడే తెలిసింది. పొడవు మారని ప్రైమ్ లెన్స్ అయితే ఎగిరే ప్రతి పక్షికీ రెక్కలు తెగేవి.

గూడబాతు పిల్ల తిండి తినే తీరు ఎంతసేపు చూసినా తనివి తీరదు. తల్లో తండ్రో నోరు తెరవగానే పిల్ల మెడ దాకా కింది ముక్కుకు వేలాడే సంచిలోకి దూరిపోతుంది. పెద్ద పక్షి కళ్లు సగం మూసుకుని ఓపికగా నిలబడుతుంది. సంచి చర్మం పల్చన, ఎండ వెనక నుంచి పడితే లోపల పిల్ల ముక్కు కదలడం కూడా తెలుస్తుంది. 500 దగ్గర ఎఫ్8 పెట్టి తీసిన ఫోటోలో పైముక్కు అంచున వరసగా ఉన్న మచ్చలు కూడా విడివిడిగా వచ్చాయి. అదే ఫోటో 600 దగ్గర ఎఫ్6.3తో తీస్తే ఆ మచ్చల అంచులు మెత్తబడ్డాయి. ఏడాదంతా ఈ తేడా అలాగే ఉంది, అందుకే తప్పనిసరైతే తప్ప నేను 550 దాటను.

తెల్ల పక్షుల విషయంలో ఒక మాట. వెనక చీకటి నీళ్లు ఉన్నప్పుడు కెమెరా మోసపోయి వెలుతురు పెంచేస్తుంది, ఈకల్లో వివరం అంతా పోయి సున్నం పూసినట్టు వస్తుంది. కెమెరా లెక్కగట్టిన వెలుతురును మనం మార్చుకునే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. ఆకాశం ముందు ఎగిరే నీటికాకికి దీనికి తలకిందులు, ప్లస్ 1 పెట్టాలి.

సంక్రాంతి ముందు చలిలో కొల్లేటికి వెళ్లాం, కైకలూరు పక్కన ఆటపాక వైపు. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద చిత్తడి నేలగా గుర్తింపు వచ్చిన సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. దారి పొడుగునా చేపల చెరువులే కనిపిస్తుంటే అసలు సరస్సు ఎక్కడ మొదలవుతుందో తెలియక మనసు చివుక్కుమంటుంది. అయినా ఆటపాకలో పడవ ఎక్కాక గూళ్లతో నిండిన స్టాండ్లు చూస్తే, ఈ పక్షులకు ఇంకా ఒక చోటు మిగిలిందని గుండె నిండుతుంది.

పడవలో మోనోపాడ్ (ఒంటికాలు స్టాండ్) దండగ. అదురంతా దాని గుండా లెన్స్‌కే ఎక్కుతుంది. మోచేతులు ఒంటికి ఆనించుకుని, షట్టర్ స్పీడ్ 1/1600 సెకను కంటే నెమ్మదించకుండా చేత్తోనే తీశాను. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది గానీ పక్షి కదలికను ఆపలేదు. పొగమంచులో ఎఫ్6.3 చాలక ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది. ఈ లెన్సులకు పక్కన ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంటుంది. దాన్ని దూరం వైపు పెడితే దగ్గరి దూరాలు వెతకడం మానేస్తుంది, వేగం తేలిగ్గా తెలుస్తుంది. తక్కువ వెలుతురులో పెంచుకునే ఐఎస్ఓ 3200 దాకా వెళ్లినా నాకు ఇబ్బంది అనిపించలేదు.

ఉత్తరాసియా నుంచి వచ్చిన సూదితోక బాతుల గుంపు మాత్రం దూరంగా, నీళ్ల నడుమ ఉంది. అక్కడ 600 చాలదు. 900 అయినా చాలదు. మా ఆయన బైనాక్యులర్‌తో ఎంతసేపు చూశారో! అది మా ఇద్దరికీ దక్కిన మంచి ఉదయాల్లో ఒకటి, నా కార్డులో దానికి ఫోటో లేదు. ఏటా జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ పేరుతో నీటి పక్షుల్ని లెక్కిస్తారు, 1987 నుంచి జరుగుతోంది. అలాంటి లెక్కకు కెమెరా కాదు, బైనాక్యులరే ఆధారం.

శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోయాక మా జిల్లా రంగు మారుతుంది. మిర్చి కల్లాలు వేస్తారు. ఎర్రగా పరిచిన కాయల అంచున కరెంటు తీగ మీద పసిరిక పిట్ట కూర్చుంటే, వెనకంతా మసకబారిన ఎరుపు, ముందు ఆకుపచ్చ పిట్ట. ఈ ఫోటో మన ప్రాంతంలోనే దొరుకుతుంది, ఎవరైనా ఒక్కసారైనా తీయాలి. పిట్ట తేనెటీగను పట్టి తెచ్చి, ముల్లు పోయేదాకా తీగకేసి బాదుతుంది, ఆ సమయంలో అది ఎగిరిపోదు. నింపాదిగా ఫోకస్ చేసుకోవచ్చు. కల్లం దగ్గర కాపలా ఉన్న పెద్దాయన, “తీసుకోండమ్మా, కాయల మీద మాత్రం కాలు పెట్టకండి” అన్నారు. కారం ఘాటుకు తుమ్ములు తప్పవు. జూమ్ చేస్తే ముందుకు సాగే లెన్స్ కాబట్టి దుమ్ము కూడా గొట్టానికి పడుతుంది. లోపలికి ముడిచే ముందు బ్లోయర్‌తో ఊది, బ్రష్‌తో దులపాలి. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి.

మార్చి దాటాక చాలామంది లెన్స్ పాడైందని టెన్షన్ పడతారు. పొద్దున ఏడింటికి పదునుగా వచ్చిన పిట్ట తొమ్మిదింటికి కరిగిపోయినట్టు వస్తుంది. లెన్స్‌కు ఏమీ కాలేదు. నేల వేడెక్కితే దాని మీది గాలి సాంద్రత పొరపొరకూ మారి వెలుతురు వంకర పోతుంది. రోడ్డు మీద ఎండమావి కనిపించేదీ అందుకే. లెన్స్ దూరాన్ని ఎంత దగ్గరకు లాగితే ఈ అలల్నీ అంతే లాగుతుంది. లక్షలు పెట్టినా దీనికి విరుగుడు లేదు. పక్షికి మనకు మధ్య గాలి తక్కువ ఉండాలి, అంటే దగ్గరికి చేరాలి, లేదా ఎనిమిదింటి లోపు ముగించాలి. పాలపిట్ట గాలిలో పల్టీలు కొట్టేది ఈ కాలంలోనే కనుక మేం చీకటితోనే బయల్దేరేవాళ్లం.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఇంకో చిక్కు ఏసీ. రాత్రంతా చల్లటి గదిలో ఉన్న లెన్స్‌ను తెల్లారుజామున బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. కెమెరా సంచిని ముందు రోజు రాత్రే హాల్లో పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

విజయవాడ వెళ్లినప్పుడు ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెల దగ్గర ఆగుతుంటాం. నల్లతెలుపు లకుముకి గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, రాయిలా నీళ్లలో పడుతుంది. ఆ నిలిచిన క్షణాల్లో ఈ లెన్స్ చక్కగా పట్టుకుంటుంది, కిందికి దూకేటప్పుడు మాత్రం ఫోకస్ వెనకబడుతుంది.

మృగశిర దాటి నాలుగు చినుకులు పడ్డాక నాకు అన్నిటికంటే ఇష్టమైన కాలం, గిజిగాళ్ల కాలం. పొలం గట్టు మీద ఈత చెట్లు, బావి మీదికి వంగిన తుమ్మ కొమ్మలు వాటికి ఇష్టం. మగపిట్ట ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, దాన్ని పట్టుకుని ఎగురుతూ పొడుగాటి పోచ చీల్చుకుపోతుంది. గూడు సగం అయి హెల్మెట్ ఆకారానికి రాగానే అల్లడం ఆపి, దానికి వేలాడుతూ రెక్కలు కొడుతూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి చూసుకుంటుంది. నచ్చితేనే కింది గొట్టం పూర్తవుతుంది. నచ్చని గూళ్లు సగంలోనే వేలాడుతుంటాయి. గూటి లోపల బంకమట్టి ముద్దలు అతికిస్తాయి, నోట్లో మట్టితో వస్తున్న పిట్ట ఫోటో ఒకటి నాకు దొరికింది. ఈ లెన్స్ 600 విలువ ఇక్కడ తెలిసింది. గూళ్లకు దూరంగా, గట్టుకు ఇవతలే కూర్చున్నాం, ఒక్క పిట్ట కూడా పని మానలేదు. గూళ్ల దగ్గరికి వెళ్లి తీసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. పెద్దపిట్ట బెదిరి గూడు వదిలేస్తే అందులో పిల్లల గతేం కాను?

వానల్లో లెన్స్‌కు అసలు శత్రువు తడి కాదు, బూజు. మన తేమకు అద్దాల మధ్య ఫంగస్ పట్టిందంటే బాగుచేయించడం ఖర్చుతో కూడిన పని. తేమను అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ కొనలేనివాళ్లు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు తెచ్చుకోండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే చాలు. జెల్ రంగు మారినప్పుడు వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. మా లెన్స్‌లో ఇప్పటికీ మచ్చ లేదు.

అరుగుదల సంగతికొస్తే, జూమ్ రింగు మీది రబ్బరు వేసవికి సాగి వదులైంది. విజయవాడలో ఒక సర్వీసు సెంటర్‌లో ఇస్తే వారాల తరబడి ఉంచుకుని ఎలా ఇచ్చామో అలాగే తిరిగిచ్చారు. లెన్స్ కిందికి వేలాడేస్తే గొట్టం దానంతటదే జారుతోంది, లాక్ స్విచ్ వేయడం అలవాటు చేసుకున్నాను. కెమెరాతో వచ్చిన బెల్టు మాత్రం ఈ బరువుకు పనికిరాదు. లెన్స్ కాలర్‌కు (లెన్స్ చుట్టూ ఉండే పట్టీకి) తగిలించే అడ్డభుజం బెల్టు కొన్నాక నా మెడనొప్పి తగ్గింది.

బైనాక్యులర్ గురించి ఫిర్యాదే లేదు. 10×42 అయితే ఇంకా దగ్గరగా కనిపిస్తుంది గానీ చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది. 42ను 8తో భాగిస్తే కంటికి అందే కాంతి గుండ్రం 5.25 మిల్లీమీటర్లు, పదితో అయితే 4.2. తెల్లారేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. మా ఆయనకు కళ్లద్దాలున్నాయి. కళ్లు ఆనించే చోటి ఐకప్పులు లోపలికి తిప్పేస్తే అద్దాలు తీయకుండానే నిండుగా కనిపిస్తోందంటారు. కళ్లద్దాలవాళ్లు కొనేముందు ఐ రిలీఫ్, అంటే బొమ్మ నిండుగా కనిపిస్తూ కన్ను అద్దానికి ఎంత దూరంగా ఉండవచ్చో ఆ దూరం, 16 మిల్లీమీటర్లు దాటిందో లేదో చూసుకోవాలి.

ఇద్దరికీ భాష కుదరడానికి కొంత సమయం పట్టింది.

“కనబడిందా?”

“లేదండీ, అన్నీ ఆకులే.”

“తాటి చెట్టుకు ఎడమన తుమ్మ. కింద నుంచి రెండో కొమ్మ. చివర నుంచి మూరెడు లోపలికి.”

ఇలా చెట్టు, కొమ్మ, దూరం వరసలో చెబితే నేను 150 దగ్గర కొమ్మను పట్టుకుని, అక్కడి నుంచి 500కి వెళ్తాను. నేరుగా 600 పెట్టి వెతికితే పిట్ట వెళ్లిపోయేదాకా ఆకులే కనిపిస్తాయి.

ఈ లెన్స్ ఎవరికి వద్దంటే, రెండు కిలోలు చేత్తో అరగంట మోయలేనివాళ్లకు, అడవి నీడల్లో చిన్న పిట్టలే కావాలనుకునేవాళ్లకు. కొండపల్లి అడవిలో గుబురు చెట్ల కింద ఎఫ్6.3 నాకు చాలలేదు. ఉప్పలపాడు దాటి వెళ్లే ఉద్దేశం లేనివాళ్లకైతే 70-300 సరిపోతుంది, మిగిలిన డబ్బు బైనాక్యులర్ మీద పెట్టండి.