బిట్‌కాయిన్ అమ్మకుండా హెడ్జింగ్: 2022 నుంచి వాడుతున్నా, ఇదీ సంగతి

నా దగ్గరున్న బిట్‌కాయిన్ అమ్మే ఉద్దేశం లేదు. అమ్మితే లాభంలో 30 శాతం పన్ను, పైన సెస్సు, 1 శాతం టీడీఎస్ సరేసరి. అందుకే రేటు పడేలా ఉందనిపిస్తే కాయిన్ జోలికి పోకుండా, దాని విలువలో సగానికి, గడువు తేదీ లేని రేటు కాంట్రాక్టులైన పర్పెచువల్ ఫ్యూచర్స్‌లో షార్ట్ పెడతాను, అంటే రేటు పడితే లాభం, పెరిగితే నష్టం వచ్చే పొజిషన్. హెడ్జింగ్ అంటే ఇదే, ఒకచోట పోయేది ఇంకోచోట రాబట్టుకోవడం. కాయిన్‌లో పోయినదాంట్లో సగం షార్ట్‌లో తిరిగొస్తుంది. అనంతపురంలో చెనక్కాయల వ్యాపారం చేసే మా మామకి చెప్తే, "సరుకు గోడౌన్లో ఉండంగానే రేటు కట్టేసుకున్నట్టే గదా అల్లుడూ" అన్నాడు. ఇంజనీరింగ్ చదివిన మా ఫ్రెండ్స్‌కి మాత్రం ఇప్పటికీ ఇది జూదమే.

పడే మార్కెట్‌లో మామూలుగా దీనికి వంక పెట్టలేం. 2022 మేలో టెర్రా లూనా అనే క్రిప్టో కుప్పకూలినప్పుడు, నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ దివాలా తీసి బిట్‌కాయిన్ 16 వేల డాలర్ల కిందికి జారినప్పుడు సగం దెబ్బే తగిలింది. ఎఫ్‌టీఎక్స్ గొడవ చూశాక ఎక్స్ఛేంజీలో మార్జిన్ (షార్ట్ కోసం హామీగా పెట్టే డబ్బు) మాత్రమే ఉంచుతున్నా, కాయిన్లు నా దగ్గరే ఉండే హార్డ్‌వేర్ వాలెట్‌లో.

ఫండింగ్ అంటే లాంగ్ (రేటు పెరిగితే లాభం వచ్చే పొజిషన్) వాళ్లు, షార్ట్ వాళ్లు ఒకరికొకరు కట్టుకునే చిన్న మొత్తం, చాలా చోట్ల 8 గంటలకోసారి. మన టైములో తెల్లవారి 5:30, మధ్యాహ్నం 1:30, రాత్రి 9:30. ఫండింగ్ రేటు పాజిటివ్‌గా ఉంటే లాంగ్ వాళ్లు షార్ట్ వాళ్లకి కడతారు. ప్రతిసారీ 0.01 శాతం వచ్చినా ఏడాదికి 11 శాతం దాకా తేలుతుంది. జనం భయపడి అందరూ షార్ట్‌కి ఎగబడితే ఇదే తిరగబడి మన జేబులోంచి పోతుంది.

అసలు టెన్షన్ పెరిగే మార్కెట్‌లో. 2024 నవంబర్‌లో అమెరికా ఎన్నికలప్పుడు 70 వేల డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్ డిసెంబర్ మొదట్లో లక్ష దాటింది. లెక్క చూడండి: 70 వేల దగ్గర 0.2 బిట్‌కాయిన్ షార్ట్ చేసి ఉంటే నష్టం 6 వేల డాలర్లు, అంటే మన డబ్బుల్లో 5 లక్షల పైచిలుకు. వాలెట్‌లో కాయిన్ అంతకంటే ఎక్కువే పెరిగి ఉంటుంది, కానీ అది కాగితం మీద లాభం. ఇక్కడ మార్జిన్ మెసేజ్ వచ్చినప్పుడు కట్టాల్సింది చేతిలో డబ్బు. ఏ అర్ధరాత్రో యూఎస్‌డీటీ (డాలర్ విలువతో ముడిపెట్టిన క్రిప్టో) వేయకపోతే షార్ట్ లిక్విడేట్ అవుతుంది, అంటే ఎక్స్ఛేంజీ బలవంతంగా మూసేస్తుంది. పైగా రేపు కాయిన్ అమ్మితే వచ్చే లాభంలోంచి ఈ నష్టం తీసేయడానికి మన పన్ను చట్టం ఒప్పుకోదు. ఈ ఒక్క ముక్క విదేశీ యూట్యూబ్ పాఠాల్లో ఎవడూ చెప్పడు.

పుట్ ఆప్షన్‌తో (ముందే అనుకున్న రేటుకి అమ్ముకునే హక్కు) మార్జిన్ బెడద ఉండదు, ప్రీమియం, అంటే ఆ హక్కు ధర, కట్టి ఊరుకోవచ్చు. కానీ మార్కెట్ అల్లాడే రోజుల్లో ఆ ప్రీమియం చూస్తే కళ్లు తిరుగుతాయి.

లక్షో రెండు లక్షలో పెట్టినవాళ్లకి ఇంత తంటా దండగ, కొంత అమ్మేసుకోవడమే మేలు. పెద్ద మొత్తం, దాంతోపాటు విడిగా నగదు ఉన్నవాళ్లకైతే సగం హెడ్జ్ పనికొస్తుంది, అదీ 2ఎక్స్ లివరేజీ (మార్జిన్‌కి రెట్టింపు పొజిషన్) దాటకుండా.

లివరేజీ ఎందుకు తక్కువుండాలంటే, 2025 అక్టోబర్ 11 తెల్లవారుజామున, ట్రంప్ చైనా మీద 100 శాతం సుంకం అన్న కాసేపటికి మార్కెట్ పడిపోయింది. గుత్తిలో ఉండే మా స్నేహితుడి ఈథర్ (ఇథీరియం కాయిన్) షార్ట్ మంచి లాభంలో ఉండగానే ఎక్స్ఛేంజీ తనంతట తానే మూసేసింది. దీన్ని ఆటో డీలెవరేజింగ్ అంటారు. అవతల నష్టపోయినవాళ్ల మార్జిన్, ఇన్సూరెన్స్ ఫండ్ చాలకపోతే లాభంలో ఉన్న పొజిషన్లను కోసేస్తారు, లాభం, లివరేజీ ఎక్కువున్నవి ముందు. హెడ్జ్ పోయింది, చేతిలో ఈథర్ మిగిలింది. పొద్దున లేచి చూసుకునేదాకా అతనికి తెలియనే తెలియదు.