లెక్చరా, ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగా? డిగ్రీ ఫిజిక్స్‌కు ఏది మేలు?

ఉష్ణవహనం, గుప్తోష్ణం పాఠాన్ని రెండు రకాలుగా నడపొచ్చు. బోర్డు మీద సూత్రాలు రాసి నాలుగు లెక్కలు చేయించడం ఒకటి. "పీహెచ్‌సీ నుంచి ఊళ్లోకి టీకాలు మోసే ఐస్ బాక్స్ ఎన్ని గంటలు 2–8 డిగ్రీల మధ్య నిలుస్తుంది?" అని అడిగి, ఐదుగురి గ్రూపుకు మూడు వారాలు ఇవ్వడం రెండోది, అదే ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్య కళాశాలలో మొదలైన ఈ పద్ధతి తర్వాత అమెరికాలో డెలావేర్, ఇంగ్లండ్‌లో లెస్టర్ విశ్వవిద్యాలయాల సైన్స్ డిగ్రీల్లోకీ వచ్చింది.

సిలబస్ పూర్తి చేయడమే లెక్కయితే లెక్చర్‌దే పైచేయి. రెండు గంటల్లో అయిపోయే పాఠానికి బాక్స్ సమస్య ఆరేడు గంటలు తింటుంది. కానీ ఆ గంటల్లో ఏం జరుగుతుందో చూడండి. ఉపరితలం 0.6 చదరపు మీటర్లు, ఫోమ్ మందం 5 సెంటీమీటర్లు, ఫోమ్ ఉష్ణవాహకత (వేడిని పోనిచ్చే గుణం) 0.025, బయట 40 డిగ్రీలు, లోపల 5. లోపలికి చేరే వేడి 10.5 వాట్లు, గంటకు దాదాపు 38 కిలోజౌళ్లు. 2 కిలోల ఐసు కరగడానికి 668 కిలోజౌళ్లు కావాలి, అంటే పదిహేడున్నర గంటల పైమాటే. ఈ అంకెల్లో ఒక్కటీ ప్రశ్నలో ఉండదు. టేపుతో కొలవాలి, పట్టికల్లో వెతకాలి, ఏది వదిలేయొచ్చో తేల్చుకోవాలి.

తప్పులు కూడా ఇక్కడే బయటపడతాయి. మూత తెరవడం వల్లే చల్లదనం పోతుందని విద్యార్థులు తేలిగ్గా అనేస్తారు. లెక్కేయమనండి: 30 లీటర్ల గాలి మొత్తం మారినా, దాని తేమ లోపల నీరుగా మారడం కలిపినా మూడు కిలోజౌళ్ల చిల్లర, అయిదు నిమిషాల నష్టం. అంతకంటే మూత అంచున సరిగా పట్టని రబ్బరును అనుమానించాలి, అక్కడ వేడి గాలి లోపలికి చొరబడటం ఆగదు.

ఇతర శాస్త్రాలతో ముడిపడేది ఇంకోచోట. ఐస్ ప్యాక్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని ఫిజిక్స్ చెబుతుంది. కానీ మైనస్ 20 డిగ్రీల్లో ఉన్న ప్యాక్ నేరుగా పెడితే డీపీటీ, హెపటైటిస్-బి టీకాలు గడ్డకడతాయి. వాటిలోని అల్యూమినియం లవణపు రేణువులు ముద్దకట్టి టీకా పనికిరాకుండా పోతుంది. అందుకే ప్యాక్‌ను ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఉంచాలి. లెక్చర్‌లో ఇది ఒక వాక్యం. గ్రూపుకు మాత్రం తాము వేసిన లెక్కను తిరగరాయించే సంగతి.

అయితే అన్నిటికీ ఇదే మందు కాదు. మాక్స్‌వెల్ సమీకరణాలు, క్వాంటమ్ ఆపరేటర్లు ఇలా మొదలుపెడితే పునాది లేని విద్యార్థి గణితంలోనే మునిగిపోతాడు. అక్కడ వరుసగా చేసి చూపిన లెక్కలే దిక్కు. న్యూటన్ మూడో నియమం లాంటి భావనలకు హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ తెచ్చిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ చాలు: ప్రశ్న, ఓటు, పక్కవాడితో వాదన, మళ్లీ ఓటు. మొదటి ఓటులో 30 నుంచి 70 శాతం మంది సరిగా చెబితేనే ఆ వాదనకు పస ఉంటుంది. అరవై మంది క్లాసులోనూ నడుస్తుంది.

బాక్స్ సమస్యకు అరవై మందంటే పన్నెండు గ్రూపులు, ఒక్క టీచర్ వల్ల కాదు. సీనియర్ విద్యార్థుల తోడు తప్పనిసరి. ఒకరు చేసి నలుగురు సంతకం పెట్టకుండా వారంవారం పనులు మార్చాలి, చివర ప్రతివారినీ విడిగా పది నిమిషాలు ప్రశ్నించాలి. సెమిస్టర్‌కు ఒక్క యూనిట్, అదీ ఉష్ణగతిక శాస్త్రంతో మొదలుపెట్టండి. 2 కిలోల ఐసు, అరగంటకోసారి థర్మామీటర్ రీడింగ్. లెక్క కంటే ముందే ఐసు కరిగితే మూత అంచున కాగితం ముక్క పెట్టి లాగి చూడమనండి, సులువుగా జారి వస్తే లోపం అక్కడే.