ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ పోర్టర్: గ్లాసులో పోశాక అరగంట ఆగండి

మా బావమరిది కొలంబస్ నుంచి వచ్చిన శనివారమే ఇక్కడ, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో తొలి మంచు పడింది. ఈరీ సరస్సు మీది గాలికి కిటికీలు ఈల వేస్తున్నాయి. ఫ్రిజ్‌లోంచి ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ పోర్టర్ అనే నల్ల బీరు సీసాలు రెండు తీసి గ్లాసుల్లో పోశాను. వాడు ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఏంటి బావా, కషాయంలా ఉంది?"

వాడిదేం తప్పు లేదు. పన్నెండేళ్ళ కిందట ఇదే ఊళ్ళో, ఇదే బీరు తాగి నేనూ అదే మాట అన్నాను. మనకి బీరంటే మండుటెండలో, సీసా మీద చెమట పట్టేంత చల్లగా, గొంతులోకి జారిపోయేది. పోర్టర్‌ని అలా తాగితే నిజంగానే కషాయం.

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, థర్మామీటర్ పెట్టనిదే ఏదీ నమ్మను. మాంసం ఉడికిందో లేదో చూసే థర్మామీటర్ గ్లాసులో పెడితే 4 డిగ్రీలు చూపించింది. ఆ చలిలో నాలుకకి తెలిసేవి రెండే, గ్యాసు చురుకు, దాని వెనకే చేదు. వాసన అసలు పైకి లేవదు. "ఆగరా, అరగంట దాన్ని ముట్టుకోకు" అని వాడి గ్లాసు నా వైపు లాక్కున్నాను.

ఈ అరగంటలో బీరు సంగతి చెప్తాను. దీన్ని చేసేది ఇక్కడి గ్రేట్ లేక్స్ బ్రూయింగ్ కంపెనీ. వెస్ట్ సైడ్ మార్కెట్‌లో కూరగాయలు, మాంసం కొనుక్కుని రోడ్డు దాటితే వాళ్ళ పబ్బే. 1988లో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టారు. ఈ పోర్టర్‌లో ఆల్కహాల్ 6 శాతం, చేదు 37 ఐబీయూ (బీరు చేదుని కొలిచే లెక్క). పేరు ఒక ఓడది. 1975 నవంబర్ 10న ఇనుప ఖనిజం నింపుకుని వస్తున్న ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ సుపీరియర్ సరస్సులో తుఫానుకి మునిగిపోయింది. అందులో ఉన్న 29 మందిలో ఒక్కరూ బతకలేదు. పోయినవాళ్ళ ఓడ పేరు తాగేదానికి పెట్టడమేమిటని మా ఆవిడ ఇప్పటికీ ముఖం చిట్లిస్తుంది. నాకు మాత్రం నవంబర్ గాలిలో ఆ లేబుల్ మీది ఓడ బొమ్మ చూస్తే ఎగతాళిగా అనిపించదు. ఈ సరస్సుల ఒడ్డున ఆ ఓడని ఇంకా తలుచుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు.

పోర్టర్ అంటే బరువులు మోసే మనిషి, మన మాటలో హమాలీ. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో వాళ్ళు ఇష్టపడి తాగిన బీరు కాబట్టి ఆ పేరు నిలిచింది. ఇందులో ఘాటు ఎక్కువున్న రకాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు, పోనుపోను అదే వట్టి స్టౌట్ అయింది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన తిరిగే డ్రమ్ములో మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటినుంచి కాస్త మాడ్చిన మాల్ట్ కలిపితే చాలు, మిగతాదంతా లేతరంగు మాల్టైనా బీరు నల్లగా వచ్చేస్తుంది.

నల్లగా అన్నాను గానీ ఇది పూర్తి నలుపు కాదు. దీపానికి ఎదురుగా పెడితే అడుగున దానిమ్మ గింజ ఎరుపు కనిపిస్తుంది. నురుగు లేత గోధుమరంగు, పైనుంచి ఎత్తి పోసిన ఫిల్టర్ కాఫీ మీద నిలిచినట్టు నిలుస్తుంది.

థర్మామీటర్ 11 చూపించాక మళ్ళీ ముక్కు పెట్టాను. ముందు వచ్చింది రాగిమాల్ట్ కోసం అమ్మ రాగులు వేయించేటప్పటి వాసన. దాని వెనక కాఫీ గింజలు, తీపి కలపని చాక్లెట్. ఇందులో చాక్లెట్ ఏమీ వేయరు. చాక్లెట్ మాల్ట్ అనేది వేయించిన రంగుని బట్టి వచ్చిన పేరు, ఆ వాసనంతా బార్లీ గింజ వేగినప్పుడు పుట్టిందే. నోట్లో పోసుకుంటే పాకం రుచి, మాడడానికి ఒక్క క్షణం ముందు దింపేసిన బెల్లం పాకం. ఆ తర్వాత చేదు వస్తుంది, కానీ ఇప్పుడది ఒంటరిగా రావడం లేదు. మింగేశాక నాలుక పొడిగా, శుభ్రంగా ఉంటుంది. ఉలవచారంత చిక్కదనం ఆశిస్తే మాత్రం నిరాశే. నాకూ ఇంకొంచెం చిక్కగా ఉంటే బాగుండుననిపిస్తుంది. అయితే వెనీలా, కొబ్బరి, పాలచక్కెర అంటూ ఈమధ్య నల్ల బీర్లలో గుమ్మరిస్తున్నవేవీ ఇందులో లేవు. అందుకే రెండో గ్లాసు కూడా వెగటు పుట్టదు.

కొనేటప్పుడు సీసా మీది తేదీ చూసుకోండి. రెండేళ్ళ కిందట హైవే పక్కన ఒక కొట్లో, లైటు కింద పై అరలో దుమ్ముపట్టి ఉన్న ఆరు సీసాల ప్యాక్ తెచ్చాను. ఇంటికొచ్చాక చూస్తే తేదీ దాటి నెలలైంది. తాగితే తడిసిన అట్టముక్క వాసన. ఆరూ సింకులో పోశాను. ఈసారిది రద్దీగా ఉండే కొట్టు నుంచి, ప్యాక్ 12 డాలర్లు పడింది.

తిండి విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. మొదట గోంగూర మాంసంతో తాగాను. పులుపు చేదుని రెచ్చగొట్టింది, కారం మంట రెండింతలైంది. మాంసం వేపుడు, అదీ ముక్క అంచులు కమిలేదాకా వేయించింది, దీనికి సరైన జోడీ. వేయించిన పల్లీలూ బాగానే ఉంటాయి. కానీ అన్నిటికంటే బాగా కుదిరింది సున్నుండ. అమ్మ పార్సిల్ చేసినవి డబ్బాలో ఉంటే సరదాకి ఒకటి కొరికి, మీద ఒక గుక్క తాగాను. వేయించిన మినుములు, బెల్లం, నెయ్యి, ఆ వెనక ఈ కాఫీ చేదు! మా ఆవిడ "పండక్కి పంపినవి ఇందుకా?" అని డబ్బా ఎత్తి పై అరలో పెట్టేసింది.

బావమరిది అరగంటయ్యాక మళ్ళీ తాగాడు. ఈసారి మొహం మాడలేదు. కాసేపు ఆలోచించి, "కాఫీ తెలుస్తోంది బావా. కాని కాఫీ కావాలంటే కాఫీయే తాగుతాం కదా" అన్నాడు. సగం గ్లాసు వదిలేసి ఫ్రిజ్‌లోంచి లేగర్, అదే మనకి అలవాటైన లేతరంగు బీరు, తెచ్చుకున్నాడు. ఆ సగం నేనే తాగేశాను. అప్పటికి 14 డిగ్రీలు, ఇంకా బాగుంది.