బెంగళూరులో ఒక స్వతంత్ర క్రైస్తవ పాఠశాల: ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా చూసిన తండ్రి సమీక్ష

బెంగళూరు తూర్పు వైపున, మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన ప్రాంతంలో ఉన్న ఒక క్రైస్తవ కో-ఎడ్యుకేషన్ పాఠశాలలో మా అబ్బాయి ఎల్‌కేజీ నుంచి పదో తరగతి వరకు చదివాడు. అమ్మాయి ఇప్పుడు అక్కడే తొమ్మిదిలో ఉంది. మేము మదనపల్లె వైపు నుంచి వచ్చిన హిందూ కుటుంబం. ఇందులో కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి కనుక పాఠశాల పేరు రాయడం లేదు. చదువు బాగుంది, పిల్లల నడవడిక విషయంలో తీసుకునే శ్రద్ధ ఇంకా బాగుంది. కానీ ఈ పాఠశాల ఏ డయోసిస్ (ఒక బిషప్ అధికారం కింద ఉండే చర్చిల పరిధి) కిందా, ఏ మిషన్ కిందా లేని ఒక ట్రస్టు సొత్తు. దాని మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే వచ్చాయని ఇన్నేళ్ల అనుభవంతో నాకు నమ్మకం కలిగింది.

ఈ తేడా అర్థం కావాలంటే ఊరి చరిత్ర కొంచెం తెలియాలి. బెంగళూరులో పేరున్న పాత క్రైస్తవ పాఠశాలల్లో ఎక్కువ భాగం ఏదో ఒక చర్చి సంఘానికి చెందినవే. 1865లో మొదలైన బిషప్ కాటన్ పాఠశాల ఆంగ్లికన్ సంప్రదాయానిది, 1880 నాటి బాల్డ్విన్ మెథడిస్టులది. రెండు చోట్లా మగపిల్లలకు ఒక బడి, ఆడపిల్లలకు మరొక బడి. దీనికి భిన్నంగా, 1914లో బ్రెదరన్ మిషనరీలైన రెడ్‌వుడ్ సోదరులు క్లారెన్స్ హైస్కూలును స్థాపించారు. బ్రెదరన్ సంఘాల్లో బిషప్పులు, డయోసిస్‌లు ఉండవు. రిచర్డ్స్ టౌన్‌లోని ఆ పాఠశాలలో నేడు ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే చదువుతున్నారు. తర్వాతి కాలంలో నగరం పెరిగిన కొద్దీ, ఇలా కొందరు విశ్వాసుల పూనికతో మొదలై, ట్రస్టు చేతిలో నడిచే పాఠశాలలు చాలా వచ్చాయి. మా పిల్లల బడి ఆ కోవలోదే.

ఒక ఉపాధ్యాయ దంపతులు 1990ల నడుమ అద్దె ఇంట్లో నర్సరీ, ఎల్‌కేజీలతో దీన్ని ఆరంభించారని తొలినాటి తల్లిదండ్రులు చెబుతారు. వరండాయే ఆఫీసు, వెనుక పెరడే ఆటస్థలం. ప్రాథమిక తరగతుల్లో మాతృభాషలోనో కన్నడంలోనో బోధించాలని కర్ణాటక ప్రభుత్వం 1994లో ఉత్తర్వు ఇచ్చిన తరువాత, కొత్తగా ఇంగ్లీషు మీడియం బడి పెట్టడం కష్టమైపోయింది. కన్నడ మీడియం అని అనుమతి తెచ్చుకుని తరగతిలో ఇంగ్లీషులో చెప్పిన బడులు ఆ రోజుల్లో రాష్ట్రమంతటా ఉండేవి. ఈ పీటముడి 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పుతో గాని విడిపోలేదు. మా అబ్బాయి చేరే నాటికే ఈ బడి ఐసీఎస్‌ఈ బోర్డు కిందికి వచ్చి, సొంత స్థలంలో మూడంతస్తుల భవనం కట్టుకుంది. అప్పటికి తరగతికి రెండే సెక్షన్లు. కరస్పాండెంట్ మేడమ్ ఉదయం గేటు దగ్గర నిలబడి, పిల్లలను పేరు పెట్టి పిలిచేవారు. షూ లేసు ఊడిన పిల్లవాణ్ని ఆపి, ఆమె స్వయంగా వంగి కట్టడం నేను చాలాసార్లు చూశాను.

మతం సంగతి చాలామంది అడుగుతారు కనుక వివరంగా రాస్తాను. అసెంబ్లీలో ఒక కీర్తన, బైబిలు నుంచి నాలుగు వాక్యాలు, పరలోక ప్రార్థన, ఆ తర్వాత వార్తలు, జాతీయగీతం. వారంలో రెండు పీరియడ్లు క్రైస్తవ పిల్లలకు స్క్రిప్చర్ (బైబిలు పాఠం) ఉంటే, తక్కినవారికి అదే సమయంలో మోరల్ సైన్స్. ప్రభుత్వ గుర్తింపు గల పాఠశాలలో మతబోధనకు గాని ప్రార్థనకు గాని పిల్లలు హాజరు కావాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. అడ్మిషన్ ఫారంలో దీనికోసం విడిగా సంతకం తీసుకున్నారు, దాని అర్థమేమిటో కూర్చోబెట్టి చెప్పారు కూడా. మా ఇంట్లో సంక్రాంతికి ముగ్గులు వేసే పిల్లే క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి వేషం వేసింది. మా అమ్మ మొదట్లో కొంచెం ముఖం ముడుచుకున్నా, మనవరాలి వేషానికి తలపాగా చుట్టింది ఆవిడే.

ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదవడం గురించి బోర్డు మీద రాసుకునే బడులు చాలా ఉన్నాయి గాని, లోపలికి వెళ్లి చూస్తే ఎడమ వరుస వాళ్లకు, కుడి వరుస వీళ్లకు అన్నట్టుంటుంది. ఇక్కడ ఒకటో తరగతి నుంచీ రోల్ నంబరు ప్రకారమే కూర్చోబెడతారు. సైన్స్ ల్యాబులో జట్లు కలిపి వేస్తారు. ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి రాసిన ఉత్తరం పట్టుబడినప్పుడు, తరగతి ముందు చదివి నవ్వుల పాలు చేయకుండా, కౌన్సిలర్ మిస్ ఇద్దరి తల్లిదండ్రులతో విడివిడిగా మాట్లాడి అక్కడితో ముగించారు. ఈ విషయం మా అబ్బాయి ఏడాది తర్వాత చెబితే గాని నాకు తెలియలేదు. ఒక పాఠశాల పనితనానికి ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం నేనివ్వలేను.

ఇక చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఎదుగుదల దగ్గర. సెక్షన్లు నాలుగయ్యాయి, కొత్త బ్లాకు లేచింది, వ్యాన్ల స్థానంలో బస్సులు వచ్చాయి, ఫీజు మా జీతాల కంటే వేగంగా పెరిగింది. మేడమ్ వయసు పైబడి రోజువారీ పనులు వదిలేశాక, నిర్ణయాలన్నీ ట్రస్టు ఆఫీసుకు వెళ్లాయి. మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్నతని కూతురికి ఆమె సగం ఫీజుకే సీటు ఇచ్చారు. అది నోటిమాట, కాగితం లేదు. కొత్త ఆఫీసు వచ్చిన ఏడాది ఆ అమ్మాయికి పూర్తి ఫీజు రసీదు పంపారు. విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకిచ్చే 25 శాతం సీట్లు మైనారిటీ సంస్థలకు వర్తించవని సుప్రీంకోర్టు చెప్పింది కూడా 2014 మే 6నే కనుక, ఆ తండ్రి హక్కుగా అడగడానికి ఏమీ లేదు. నేను రాసిన ఉత్తరానికి ‘ట్రస్టు నిర్ణయమే తుది నిర్ణయం’ అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. చివరికి ఇద్దరు టీచర్లు తమ జేబుల్లోంచి కొంత వేసుకుని ఆ ఏడాది గట్టెక్కించారు. డయోసిస్ బడి అయితే బిషప్ ఆఫీసుకు ఒక అర్జీ పెట్టుకోవచ్చు. దాన్ని వారు చదువుతారా లేదా అన్నది వేరే సంగతి. ఇక్కడ ఆ గుమ్మం కూడా లేదు. అయితే, బిషప్పు మారినప్పుడల్లా ప్రిన్సిపాల్ మారే బాధా ఇక్కడ లేదు. ప్రిన్సిపాల్ చాలా ఏళ్లుగా ఒకరే ఉండబట్టి బోధన గాడి తప్పలేదన్నది కూడా ఒప్పుకోవాలి.

తెలుగు నేర్పరు. కన్నడ అభ్యసన చట్టం 2015లో వచ్చి, 2017-18 నుంచి ఒక్కో తరగతిగా అమలవుతూ పోవడంతో మా అమ్మాయికి కన్నడం తప్పనిసరైంది. ఇంట్లో నేను తెలుగు దిద్దించడం వల్ల ఆమె కన్నడ అక్షరాలకు మన తలకట్టు పెట్టేది. కన్నడ మిస్ ప్రతి దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన సరైన గీత వేసి చూపేవారు. రెండు లిపులూ కలగాపులగం కాకుండా కుదురుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది.

తెలుగు రెండో భాషగా కావాలనుకునేవారికి ఈ బడి పనికిరాదు. పదకొండు, పన్నెండు తరగతులు లేవు గనుక పదో తరగతి అయ్యాక పీయూ కాలేజీ వెతుక్కోక తప్పదు, మా వాడికీ అదే జరిగింది. ఫీజు రాయితీ మీద ఆధారపడి చేర్చేవారు మాత్రం, ఎంత తగ్గిస్తున్నారో, ఎన్నేళ్లపాటో కాగితం మీద రాయించుకుని, ట్రస్టు ముద్ర వేయించుకున్న తరువాతే టీసీ తెచ్చి ఇవ్వండి.