రూమ్ ఈక్యూ: రిసీవర్‌లో ఉన్నదే చాలా, విడిగా కొనాలా?

"రిసీవర్‌లో ఆడిసీ ఉంది కదా, మళ్లీ ఈక్వలైజర్ ఎందుకు?" హోమ్ థియేటర్ పెట్టుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. రిసీవర్ అంటే స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్ పెట్టె. ఈక్వలైజర్ ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచేది, తగ్గించేది. గదికి తగ్గట్టు చేసే ఆ సవరణే రూమ్ ఈక్యూ, దాన్ని తనంతట తానే చేసే రిసీవర్ సాఫ్ట్‌వేర్ ఆడిసీ. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. గత నెలలో మా గదికి నేనే తేల్చుకోవాల్సి రావడంతో ఈసారి వివరంగా రాస్తున్నాను.

ముందు గది సంగతి. మాది 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. స్లాబు ఎత్తు కూడా దాదాపు 10 అడుగులే. ఇటుక గోడలు, కింద టైల్స్. అమెరికా ఇళ్లలో చెక్క ఫ్రేముకి జిప్సం బోర్డు కొట్టిన గోడలు ఎక్కువ కాబట్టి బాస్‌లో కొంత వాటిలోంచి బయటికి పోతుంది. మన ఇటుక గోడలు, ఆర్‌సీసీ స్లాబు దాన్ని పోనివ్వవు, లోపలే తిప్పికొడతాయి. అందుకే అక్కడివాళ్లు రాసిన సలహాలు చదివి అలాగే చేస్తే మనకి బాస్ ఎక్కువైపోతుంది.

ధ్వని వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు. దాన్ని గోడకీ గోడకీ మధ్య దూరానికి (మీటర్లలో) రెట్టింపుతో భాగిస్తే, గది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర మోగడం మొదలుపెడుతుందో వస్తుంది. 14 అడుగులకి 40 హెర్ట్జ్, 10 అడుగులకి 56. మా గదిలో వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో 56 దగ్గర రెండు మోడ్‌లు (గది ఇలా మోగే ఫ్రీక్వెన్సీలు) ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 10 అడుగుల బెడ్‌రూమ్‌ని థియేటర్ చేసుకున్న చాలామందికి ఇదే ఇబ్బంది. ఫైట్ సీన్‌లో "ధన్" అని పడి ఆగిపోవాల్సిన దెబ్బ "ధమ్మ్‌మ్" అని సాగుతుంది. ఆ సాగుడులో వెనకాల వచ్చే డైలాగ్ మునిగిపోతుంది. చాలామంది సెంటర్ స్పీకర్ బాగాలేదని మార్చేస్తారు. తప్పు దానిది కాదు.

మన సైజు గదుల్లో 200, 300 హెర్ట్జ్‌కి కింద అంతా గదిదే పెత్తనం. ఆ పైన స్పీకర్ స్వభావమే ఎక్కువ వినిపిస్తుంది. కాబట్టి ఏ ఈక్వలైజర్‌ని చూసినా నేను అడిగేవి రెండే. ఆ కింది భాగంలో నాకు కావాల్సిన ఫ్రీక్వెన్సీని, కావాల్సినంత సన్నగా పట్టుకోగలదా? పట్టుకున్నాక ఏమైందో నేను కొలిచి చూసుకోగలనా?

స్లైడర్ల గ్రాఫిక్ ఈక్వలైజర్ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట 31 బ్యాండ్లది కొనుక్కొచ్చారనుకుందాం. దాని స్లైడర్లు 40, 50, 63, 80 దగ్గర ఉంటాయి. మా గది మోగేది 56 దగ్గర, అంటే సరిగ్గా రెండు స్లైడర్ల మధ్య. రెండూ దించితే గుయ్‌మనడం తగ్గుతుంది గానీ చుట్టుపక్కల బాస్ కూడా కొట్టుకుపోతుంది, డోలు దెబ్బలో పస ఉండదు. పైగా హెచ్‌డీఎంఐలో వచ్చే 5.1 సౌండ్‌కి మధ్యలో దాన్ని తగిలించే చోటే ఉండదు. హోమ్ థియేటర్‌కి ఇది వద్దు.

ఇక ఆడిసీ. దీన్ని తక్కువ చేసి మాట్లాడను. దానిలో పైరకమైన ఎక్స్‌టీ32 ఉన్న రిసీవర్ మీ దగ్గరుంటే సగం పని అయిపోయినట్టే. మైక్‌ని 8 చోట్ల పెట్టి కొలుస్తుంది, సబ్‌కి (బాస్ కోసం విడిగా ఉండే సబ్‌వూఫర్ స్పీకర్‌కి) ఫిల్టర్లు సన్నగా వేస్తుంది. నాకున్నది దాని కింది రకం ఎక్స్‌టీ, బాస్‌లో దానికి అంత సూక్ష్మత లేదు. ఆడిసీతో నా ఇబ్బంది వేరే. దాని ఫోన్ యాప్‌లో సవరణ "తర్వాత" అని చూపించే గ్రాఫ్ మళ్లీ కొలిచింది కాదు, లెక్కగట్టింది. ఆ గీత చక్కగా ఉందని సంబరపడి, సోఫాలో కూర్చుంటే అదే గుయ్‌మనే చప్పుడు. ఇంకోటి, వదిలేస్తే అది పైన ట్రెబుల్ దాకా చెయ్యి పెడుతుంది, 2 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలనే కొంచెం తగ్గిస్తుంది. మాట స్పష్టత ఉండేది అక్కడే. డబ్బు పెట్టి కొనే మల్ట్‌ఈక్యూ ఎడిటర్ యాప్‌లో ఆ తగ్గింపుని ఆపేయొచ్చు, సవరణని 300 హెర్ట్జ్ దగ్గర నిలిపేయొచ్చు. ఆడిసీ వాడేవాళ్లు ముందు ఈ రెండూ చేసి వినండి.

స్వీడన్‌లోని ఉప్సాలా నుంచి వచ్చిన డిరాక్ లైవ్ కూడా ఆడిసీ లాంటిదే, ఇంకా మెరుగైనది, టార్గెట్ కర్వ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినిపించాలో చెప్పే గీత) మనమే గీసుకోవచ్చు. రిసీవర్‌తో వస్తే హాయిగా వాడుకోండి. యమహా రిసీవర్లలో ఇలాగే వచ్చే వైపీఏఓ ఉంటే ఒకసారి నడిపి దూరాలు, లెవెల్స్ సరిచూసుకోండి, చాలు.

నేను ఎంచుకున్నది మినీడీఎస్‌పీ 2x4 హెచ్‌డీ అనే విడి ఈక్వలైజర్ పెట్టె, దానితో కొలవడానికి యూమిక్-1 మైక్, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్. మామూలు రిసీవర్లలో బయటికి లైన్ ఇచ్చేది సబ్ ప్రీ-అవుట్ (సబ్‌కి వైరు పెట్టే సాకెట్) ఒక్కటే కాబట్టి పెట్టె ఆ ప్రీ-అవుట్‌కీ సబ్‌కీ మధ్య కూర్చుంటుంది. మనకి కావాల్సిందీ అక్కడే. ఫ్రీక్వెన్సీ, ఎన్ని డీబీ (డెసిబెల్స్), ఎంత సన్నగా (దీన్నే క్యూ అంటారు) అనే మూడూ మన చేతిలో ఉంటాయి.

రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టాను. సీలింగ్ ఫ్యాన్ ఆపి, పక్కగదిలో ఏసీ కూడా ఆపించి, మైక్‌ని ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో నిలబెట్టాను. సోఫా దిండు మీద పెట్టి కొలిచేవాళ్లని చూశాను, అలా చేయకండి. స్వీప్ (కింది నుంచి పై ఫ్రీక్వెన్సీ దాకా సాగే పరీక్ష శబ్దం) నడిస్తే గ్రాఫ్‌లో 55 దగ్గర గోపురంలా లేచింది, 40 దగ్గర గుంట. లెక్కకి 56, కొలిస్తే 55. 55 హెర్ట్జ్, మైనస్ 9 డీబీ, క్యూ 6 అని ఒక్క ఫిల్టర్ వేసి మళ్లీ కొలిచాను. గోపురం దిగింది. అంతకంటే ముఖ్యంగా, శబ్దం ఎంతసేపు సాగుతుందో చూపే వాటర్‌ఫాల్ గ్రాఫ్‌లో 55 దగ్గరున్న పొడవాటి తోక సగానికి తగ్గింది. అంటే చప్పుడు తగ్గడమే కాదు, సాగడం కూడా తగ్గింది. మర్నాడు అదే ఫైట్ సీన్ పెడితే దెబ్బ పడి ఆగింది, వెనకాల మాట వినిపించింది.

40 దగ్గర గుంటని మాత్రం ఏ ఈక్వలైజరూ పూడ్చలేదు. సోఫా గదికి సరిగ్గా మధ్యలో ఉండటమే కారణం. పొడవు వైపు మొదటి మోడ్ నడిమధ్యలో దాదాపు సున్నా అవుతుంది. అక్కడ 6 డీబీ పెంచాలన్నా ఆంప్లిఫయర్ నాలుగు రెట్ల పవర్ ఇవ్వాలి, అయినా ఆ సీట్లో వినపడదు. సోఫాని రెండడుగులు వెనక్కి జరిపాను, గుంట చాలావరకు నిండింది.

కొత్తగా డబ్బు పెట్టేవాళ్లకి నేను చెప్పేది: ముందు మైక్ కొనండి, పెట్టె తర్వాత. కొలిచి చూస్తే కొందరికి సబ్ మూలలోంచి జరిపితేనే సరిపోతుంది. ఎస్‌వీఎస్ ప్రో సబ్ ఉన్నవాళ్లకి ఫోన్ యాప్‌లోనే మూడు పారామెట్రిక్ ఫిల్టర్లు (ఇలా మనమే అమర్చుకునేవి) ఉన్నాయి, ఇంకే పెట్టె అక్కర్లేదు. ఎక్స్‌టీ32, యాప్ ఉన్నవాళ్లు వాటితో చేసి, మైక్‌తో ఫలితం కొలుచుకుంటే చాలు. మామూలు ఆడిసీ, ఒకటో రెండో సబ్‌లు ఉన్నవాళ్లకి మినీడీఎస్‌పీ. ముందు దానిలో ఫిల్టర్లు వేసుకుని, ఆ తర్వాతే రిసీవర్ కాలిబ్రేషన్ (ఆడిసీ కొలత) నడపండి.

మా ఇంట్లో ఒక పని మిగిలే ఉంది. నేను కూర్చునేది వెడల్పులో మధ్యన. అమ్మ కుర్చీ గోడ పక్కన, వెడల్పు మోడ్ అక్కడే ఎక్కువ. నా సీటు చూసి వేసిన ఫిల్టర్ ఆమెకి సగమే పనిచేస్తోంది, "ఇంకా గుండెల్లో కొడుతోందిరా" అంటోంది. కుడి గోడ మధ్యలో ఒకటి, ఎడమ గోడ మధ్యలో ఒకటి, రెండు ఒకేలాంటి సబ్‌లు పెడితే ఆ మోడ్‌ని అవి చెరోవైపు నుంచి నెట్టి అణిచేస్తాయి. మినీడీఎస్‌పీలో మూడు అవుట్‌పుట్‌లు ఖాళీగానే ఉన్నాయి. దసరాకి రెండో సబ్ తీసుకుంటున్నాను.